వ్యాను కింద డబ్బా

గద్వాల,
4 నవంబర్ 2024, సోమవారం.

కురుమూర్తి మామకు స్వరూప దండాలు.

మెడకు పెట్టిన గొట్టం మొన్న మార్చారని అరుణ్ చెప్పాడు. మంట తగ్గిందా? రోజూ కడుగుతున్నావా? నువ్వు బద్ధకస్తుడివి కాదు గానీ మొండివాడివి, అందుకే అడగడం. ఆపరేషన్‌లో గొంతు పోయాక ఫోన్ కూడా ఎవరికో ఇచ్చేశావు. 'నేను మాట్లాడలేనప్పుడు ఇంకొకరు మాట్లాడుతుంటే చెవి ఒగ్గి కూర్చోవడం నాతో కాదు' అని రాసిచ్చిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. సరే, నీ పుణ్యమా అని నా చేతిరాత బాగుపడుతున్నది. గద్వాల–వనపర్తి బస్సుకు అరుణ్ కండక్టర్‌గా ఉన్నంతకాలం మనకు పోస్టాఫీసుతో పని లేదు.

అసలు సంగతికి వస్తాను. నాలుగేళ్ళ కింద నీ మెకానిక్ షెడ్డు మూసేసినప్పుడు నువ్వు నాకిచ్చిన వ్యాను పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైంది. బడి పిల్లలను ఎక్కించుకోక ముందే అయిపోతుందని పొద్దున ఆరున్నరకే తీసుకెళ్ళాను. పరీక్ష చేసే ఆయన సైలెన్సర్‌లోకి గొట్టం తోసి, కంప్యూటర్ చూసి, "అక్కా, పొగల విషం మస్తున్నది. కింద డబ్బా లెక్క ఉండే కన్వర్టర్ పోయినట్టున్నది" అన్నాడు. నాకు పొగే కనబడలేదు. ఆ మాటే అంటే, "కనబడనిదే ఎక్కువ చెడ్డదక్కా" అన్నాడు.

డిసెంబర్ ఆఖరుకల్లా బండ్ల కాగితాలన్నీ బడిలో చూపించాలి. లేకపోతే నా పదకొండు మంది పిల్లలను వేరే వ్యానుకు అప్పజెప్పుతారు. మా ఆయన మహేందర్ నడుము సంగతి నీకు తెలుసు. మగ్గం మీద పూట కూర్చుంటే పూట పడుకుంటున్నాడు. నెలకు రెండు చీరలు దిగడమే గగనం. ఈ వ్యాను ఆగితే మా పొయ్యి ఆగినట్టే. కొత్త కన్వర్టర్ వేయించడం నా వల్లయ్యే పని కాదు.

ఆ డబ్బా పనిచేస్తున్నదా, చచ్చిందా అని మనంతట మనం తెలుసుకునే దారి ఏమైనా ఉందా? నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది నువ్వే. ఇది కూడా నేర్పు.

నీ మేనకోడలు,
స్వరూప


వనపర్తి,
7 నవంబర్ 2024.

కోడలా,

గొంతు కాడ మంట లేదు, దురద ఉంది. దురద కూడా ఒక కాలక్షేపమే. నీ ఉత్తరం చదివి నవ్వాను. నాకిప్పుడు నవ్వొస్తే మెడలోంచి ఈల లాంటి చప్పుడు వస్తుంది. బస్టాండులో టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

రాత్రంతా మంచులో నిలబడ్డ బండిని తెల్లారేసరికి పరీక్షకు పెట్టావు. నిన్ను నిద్రలోంచి లేపి పదమూడో ఎక్కం అడిగితే చెప్తావా? ఆ డబ్బా లోపల తేనెపట్టులాగా సన్నటి గూళ్ళు ఉంటాయి. గూళ్ళకు ఒక మందు పూసి ఉంటుంది. బాగా వేడెక్కినప్పుడే ఆ మందు పొగలోని విషాన్ని విరగ్గొడుతుంది. చల్లగా ఉన్నంతసేపు అది వట్టి గొట్టమే. కాబట్టి ముందు బండిని ఇరవై కిలోమీటర్లు తోలు. ఆపకుండా నేరుగా పరీక్షకు పో.

ఆలోపు నువ్వు కూడా చూసుకోవచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కిందికి దూరి, డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టు. గలగలమంటే లోపల గూళ్ళు పగిలినట్టు. తరవాత బండి స్టార్ట్ చేసి, సైలెన్సర్ వెనక జానెడు దూరంలో చెయ్యి పెట్టు. గాలి ధారాళంగా రావాలి. ఊపిరాడని మనిషిలా ఆగి ఆగి వస్తే గూళ్ళు మూసుకుపోయినట్టు. ఆఖరిది వేడి. బండిని బాగా తోలి వచ్చి, ఇంజన్ నడుస్తుండగానే, డబ్బా ముందు గొట్టాన్ని ఒకసారి, వెనక గొట్టాన్ని ఒకసారి కొలవాలి. వెనకది ఎక్కువ వేడి ఉంటే మందు పనిచేస్తున్నట్టే. రెండూ సమానంగా ఉంటే అనుమానించాల్సిందే. చెయ్యి పెట్టి చూసేవు, తోలు ఊడుతుంది. తుపాకీలాగా పట్టుకుని మీట నొక్కే మిషన్ ఉంటుంది, దూరం నుంచే చెప్పేస్తుంది. ఎవరినైనా అడిగి తెచ్చుకో.

ఆ వ్యాను నా చేతుల్లో పదేళ్ళు నడిచింది. అంత తొందరగా చావదు. మహేందర్‌ను నడుముకు పట్టీ కట్టుకొమ్మను.

మామ


గద్వాల,
14 నవంబర్ 2024.

మామా,

ఈరోజు బడిలో పిల్లల పండుగ. వ్యాను నిండా కాగితపు పూలు, సీట్ల మీద జిగురు. కడుక్కుని కూర్చునేసరికి ఒళ్ళు హూనమైంది. అయినా రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. సుత్తితో తట్టితే ఏ చప్పుడూ రాలేదు. వెనక గాలి బాగానే వస్తున్నది. ఆ తరవాత మల్దకల్ దాకా తోలి, వ్యాను దిగకుండానే వెంకన్నకు దండం పెట్టి, తిరిగి వచ్చి వేడి చూశాను. తుపాకీ మిషన్ మా వీధిలో పుష్ప దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ముందు కొలిచినా వెనక కొలిచినా ఒకటే చూపించింది మామా. అంకెలు కూడా రాలేదు, రెండుసార్లూ అవే రెండు ఇంగ్లీషు అక్షరాలు. అంటే సమానమనే కదా. నాలుగుసార్లు చూశాను, తేడా లేదు.

ఇక్కడ మధు అనే మెకానిక్‌ను పిలిచాను. అతను కిందికి దూరి తానూ తట్టి చూసి, "లోపల ఏముంటే గలగలమంటదక్కా? ఖాళీ డబ్బా ఇది. పాత బండ్లు చేతులు మారేటప్పుడు లోపలి సరుకు తీస్కొని అమ్ముకుంటరు. పాత సామాన్లోళ్ళు దానికి మస్తు ఎగవడ్తరు" అన్నాడు. ఈ బండి బయటివాళ్ళ దగ్గర కొన్నది కాదని, మా మామ ఇచ్చిందని చెప్పాను. నవ్వి, "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు" అన్నాడు.

మామా, నిన్ను అడగకుండా లోపల పెట్టుకుంటే నాకే పాపం. బండి ఇచ్చే ముందు నువ్వు ఆ డబ్బా విప్పిన గుర్తు నాకుంది. అప్పుడేమైనా తీశావా? అవి నీ ఆపరేషన్ రోజులు, నీకు ఎన్ని అవసరాలు పడ్డాయో నాకు తెలుసు. తీసి ఉంటే తీశానని చెప్పు, నేనేమీ అనుకోను.

స్వరూప


వనపర్తి,
18 నవంబర్ 2024.

స్వరూపా,

నువ్వేమీ అనుకోవు. ఎంత పెద్ద మనసు.

ముప్పై ఎనిమిదేళ్ళు స్పానర్ పట్టాను. పాత సామాన్లవాళ్ళు నా షెడ్డు ముందు నిలబడి ఆ డబ్బాల కోసం బేరాలాడితే నీళ్ళు చల్లి తరిమాను. ఆ సంగతి వనపర్తిలో ఎవరిని అడిగినా చెప్తారు. ఆ రోజు డబ్బా విప్పింది నిజమే. బండి నీకిస్తున్నానని గొట్టం మార్చి, అతుకులో కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను. ఆడపిల్ల దారిలో ఆగిపోవద్దని చేసిన పనికి నాలుగేళ్ళ తరవాత ఇది బహుమానం. ఎవడో మధు తట్టి చూసి దొంగను పట్టేశాడు. నువ్వు ఆ మాట మోసుకొచ్చి నా మొహాన పెట్టావు, పైగా ఆపరేషన్ పేరు చెప్పి క్షమించేశావు కూడా.

గొంతు పోయినవాడికి తిట్టే హక్కు పోలేదు. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటికి కూడా వినబడదు, అదొక్కటే నా బాధ.

నమ్మకం లేకపోతే విప్పి చూసుకో. ఇక నాకు రాయకు.

కురుమూర్తి


గద్వాల,
20 నవంబర్ 2024, బుధవారం.

మామా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. మీ అక్క కడుపున పుట్టాను, మొండితనం ఎక్కడికి పోతుంది?

నీ ఉత్తరం మహేందర్‌కు చదివి వినిపించాను. కాసేపు మగ్గం ఆపి, "ముసలాయన మనసు ఇరగ్గొట్టినవ్" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ మిషన్ సమానమని చూపించిన మాట కూడా నిజమే కదా. నువ్వే విప్పి చూసుకొమ్మన్నావు. ఆదివారం పిల్లలకు సెలవు, మధు వచ్చి విప్పుతానన్నాడు. లోపల గూళ్ళు ఉంటే నీ కాళ్ళు పట్టుకుంటాను. లేకపోతే ఏం చేయాలో అప్పుడు చూస్తాం. ఇద్దరికీ మనసు నెమ్మదిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం అడగాలి. విప్పితే డబ్బాకు ముందు అతుకులో ఉండే ప్యాకింగ్ చిరిగిపోతుందట. అది గద్వాలలో దొరకదు, హైదరాబాదు నుంచి రావడానికి వారమో పది రోజులో పడుతుందని మధు అంటున్నాడు. పరీక్షల రోజుల్లో వారం పాటు వ్యాను ఆపలేను. ఏదైనా గట్టి అట్ట కోసి వేద్దామన్నాడు. మహేందర్ మగ్గం మీది పాత జకార్డు అట్టలు తెచ్చి ముందర పెట్టాడు. అంచు డిజైన్ కోసం బెజ్జాలు కొట్టిన అట్టలు, నీకు తెలుసుగా. "ఇంతకన్న గట్టి అట్ట యాడ దొర్కదు. ఇరవై ఏండ్ల సంది మగ్గం మీద తిరిగినా చిరగలే" అన్నాడు. మధు చేత్తో వంచి చూసి సరేనన్నాడు.

నాకు మాత్రం ఎందుకో నీ మాట వినాలని ఉంది. అట్ట వేయకూడదంటే ఒక్క ముక్క రాసి శనివారం లోపల అరుణ్ చేతికివ్వు. తిట్లు ఉన్నా పర్వాలేదు. నీ జవాబు రాకపోతే సరేనన్నట్టే అనుకుంటాను.

స్వరూప


గద్వాల,
26 నవంబర్ 2024.

మామా,

నీ జవాబు రాలేదు. అరుణ్ ఇవ్వడం మరిచిపోయాడేమో అనుకున్నాను.

ఆదివారం విప్పాము. టార్చిలైటు పట్టుకుని నేనే ముందు చూశాను. గూళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పగలలేదు. నువ్వు చెప్పినట్టే తేనెపట్టు. మధు తల గోక్కుని పక్కకు జరిగాడు. నాకు అక్కడే, వ్యాను కింద పడుకుని ఉండగానే ఏడుపొచ్చింది.

మిషన్ సంగతి కూడా తేలింది. పుష్ప ఆశా వర్కర్ కదా, అది కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి జ్వరం చూసిన మిషన్. తిరిగి ఇవ్వబోతే, దేనికి వాడావని అడిగింది. చెప్తే నవ్వలేక పొట్ట పట్టుకుంది. "అది మనిషి జ్వరం దాకనే కొలుస్తదే. అంతకు మించితే ఎంతున్నా అవే రెండు అక్షరాలు వడ్తయ్. నీ బండికి జ్వరమొచ్చిందా ఏంది?" అన్నది. వీధంతా నవ్వింది. నేను కూడా నవ్వినట్టే నటించాను. ఆ జ్వరం మిషన్ చెప్పిందని నిన్ను దొంగను చేశానే అని లోపల కుమిలిపోతున్నాను.

సోమవారం వ్యానును వేడి మీదే తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే పాసైంది. కాగితం చేతికొచ్చింది, బడిలో చూపించాను. అంటే డబ్బా మొదటినుంచీ పనిచేస్తూనే ఉంది. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన మొదటి మాట విని ఉంటే సరిపోయేది.

ప్యాకింగ్ ఇంకా రాలేదు. మధు ఆ రోజే కోసి వేసిన అట్టతోనే వ్యాను బాగా నడుస్తున్నది. మామా, నీ కాళ్ళు పట్టుకుంటానన్నాను కదా. ఎప్పుడు రమ్మంటావు?

స్వరూప


వనపర్తి,
30 నవంబర్ 2024.

స్వరూపకు,

కాగితం వచ్చినందుకు సంతోషం.

కాళ్ళు పట్టుకోవడాలు వద్దు. రేపు తిమ్మాజిపేటకు పోతున్నాను, అక్కడ చుట్టాలింట్లో పెళ్ళి ఉంది. పది రోజులు ఉండను. ఉత్తరాలు పంపకు, అందవు.

కురుమూర్తి


గద్వాల,
10 డిసెంబర్ 2024, మంగళవారం.

మామా,

నువ్వు తిరిగి వచ్చావో లేదో తెలియదు. వస్తే నీ చేతికే ఇమ్మని అరుణ్‌కు ఒట్టు పెట్టించి ఇస్తున్నాను.

నిన్న పొద్దున శ్రుతి వ్యానులో పడిపోయింది. సత్యమ్మ మనవరాలు, రెండో తరగతి. నా వెనక సీట్లో నడుమ కూర్చుంటుంది. బడి గేటు కాడ అందరూ దిగారు, ఆ పిల్ల దిగలేదు. నిద్రపోయిందనుకుని లేపితే తల వాలిపోయింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఎత్తుకుని, అదే వ్యానులో దవాఖానకు తీసుకుపోయాను. దారిలో ఒక్క అద్దం దించాలని కూడా నాకు తట్టలేదు మామా.

ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "పిల్ల ఏం పీల్చింది?" అని అడిగింది. ఏం చెప్పాలి? పొగ వాసన నాకెప్పుడూ రాలేదు. పొల్యూషన్ కాగితం సంచిలోనే ఉంది, తీసి చూపించాను. ఆమె కాగితం వైపు చూడలేదు. ఇంకొంచెం దూరం అద్దాలు మూసుకుని పోయి ఉంటే పిల్ల దక్కేది కాదని మాత్రం చెప్పింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఎన్ని సంగతులు గుర్తొస్తున్నాయో. వారం రోజులుగా పిల్లలు తలనొప్పి అంటున్నారు. ఇద్దరు వాంతి చేసుకున్నారు. పచ్చి జామకాయలు తిన్నారని తిట్టాను. నాకు కూడా ఇంటికొచ్చేసరికి తల పగిలిపోయేది. అలసట అనుకుని టీ తాగి పడుకున్నాను. ఈ చలికి పిల్లలు అద్దాలు దించనివ్వడం లేదు.

మధు వచ్చి సైలెన్సర్ వెనక చెయ్యి పెట్టి, "అంతా మంచిగనే ఉన్నదక్కా, కాగితం గూడ ఉన్నది గదా" అని వెళ్ళిపోయాడు. వ్యానును ఇంటి ముందు నిలబెట్టాను. రాత్రి సత్యమ్మ ఇంటికి పోయాను. "నా కొడుకు, కోడలు పుణెల పనికి పోయిండ్రు. పిల్లను నా చేతుల వెట్టిపోయిండ్రు. నేను నీ చేతుల వెట్టిన" అన్నది, అంతే.

నీకు నా మీద ఎంత కోపమున్నా సరే, రా మామా. నాకేమీ పాలుపోవడం లేదు.

స్వరూప


వనపర్తి,
14 డిసెంబర్ 2024, శనివారం.

బిడ్డా,

నీ ఉత్తరం చూసి గురువారం వచ్చినప్పుడు మీ ఇంట్లో నేను తిన్న అన్నం ఇంకా అరగలేదు. ఈ ఉత్తరం రాస్తే అరుగుతుందేమో చూస్తాను.

ఆ రోజు మీ వీధి వీధంతా వ్యాను చుట్టూ మూగింది. తడి గుడ్డతో సైలెన్సర్ నోరు మూయమని నీకు సైగ చేసి, నేను కింద పడుకున్నాను. వెనకకు దారి లేక పొగ ముందు అతుకు దగ్గర బుస్సున తన్నింది. డబ్బా వెనక అయితే మందు దాన్ని శుద్ధి చేసి ఉండేది. ఇది డబ్బాకు ముందే కారుతోంది. విషం విషంలాగే పైకి లేచి, నీ సీటు కింది సందుల్లోంచి లోపలికి పోతోంది. వెనక చివర కొలిచే పరీక్షకు అది ఎక్కడ చిక్కుతుంది? అందుకే కాగితం వచ్చింది, పిల్ల పడిపోయింది.

అతుకు విప్పితే అట్ట బొగ్గయి ఉంది. పట్టుకుంటే పొడిపొడి అయింది. ఒక్క మూల మాత్రం రెండు బెజ్జాలతో మిగిలింది. మహేందర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంట్లోకి పోయాడు. అతని తప్పేం లేదు. చీర నేసేవాడికి గట్టితనం తెలుస్తుంది, ఆ గొట్టం వేడి ఎట్లా తెలుస్తుంది? ఇక్కడి నుంచి తెచ్చిన రేకు ప్యాకింగ్ వేసి బిగించాను. ఇప్పుడు కారదు. అయినా ఒక వారం ఖాళీ బండే తోలు.

మీ వాళ్ళంతా నన్ను ఎంత మర్యాద చేశారు. "గొంతు లేకున్నా చెయ్యి పోలేదు ముసలాయనకు" అన్నారు. నువ్వు నా కాళ్ళ మీద పడ్డావు. నేను నీ తల మీద చెయ్యి పెట్టాను. అక్కడ నాకు దొంగకు తేలు కుట్టినట్టు అయింది. ఎందుకో రాస్తాను.

నీ ఇరవయ్యో తారీఖు ఉత్తరం నాకు ఆ రోజే అందింది. అరుణ్ మరిచిపోలేదు. టీ కొట్టు కాడ నిలబడి, రెండుసార్లు చదివాను. అట్ట అన్న మాట చూడగానే తెలిసింది. ఆ అతుకు ఎర్రగా కాలే చోటు, అక్కడ కాగితం నాలుగు రోజులు ఆగదు. ఈ పని నేర్చుకునే మొదటి నెలలో తెలిసే సంగతి ఇది. 'అట్ట వేయకు' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? జేబులో కలం కూడా ఉంది. రాయలేదు. కాలితే కాలనీ, నన్ను దొంగ అన్నందుకు కాలనీ అనుకున్నాను. బండి బర్రుమని మోగుతుంది, వీధిలో నలుగురి ముందు నువ్వు సిగ్గుపడతావు, అప్పుడు మామ విలువ తెలుస్తుంది అనుకున్నాను. అంతవరకే పోయింది నా బుద్ధి. చలికాలమని, పిల్లలు అద్దాలు మూసుకుంటారని తట్టలేదు. పిల్లల ఊసే రాలేదు నా మనసులోకి.

గూళ్ళన్నీ ఉన్నాయని నువ్వు రాశాక కూడా చెప్పి ఉండవచ్చు. అప్పటికింకా ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు చెప్తే ముందే తెలుసని బయటపడుతుంది కదా అని, తిమ్మాజిపేట పెళ్ళి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. పెళ్ళి రెండు రోజులే. మిగిలిన రోజులు అక్కడ ఊరికే కూర్చున్నాను.

గొంతు పోయిందని లోకమంతా నన్ను జాలిగా చూస్తోంది. నేను చెప్పకపోవడానికి, గొంతు లేకపోవడానికి ఏ సంబంధమూ లేదు. నువ్వు నన్ను అనుమానించింది తప్పే. దానికి నేను వేసిన శిక్ష ఏడేళ్ళ పిల్ల మీద పడింది.

ఇక నీ ఇష్టం. ఉత్తరం రాసినా రాయకపోయినా నాకు అడిగే మొహం లేదు.

మామ


గద్వాల,
17 డిసెంబర్ 2024.

మామా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మడిచి పెట్టాను. కోపం వచ్చింది. ఇంకా ఉంది, పోయిందని అబద్ధం రాయను.

కానీ నేను కూడా ఒకటి దాచాను. అరుణ్ మరిచిపోయాడేమో అని రాశాను చూడు, అది అబద్ధం. ఆ శనివారం సాయంత్రమే బస్టాండుకు పోయి అతన్ని అడిగాను. "బుధారమే ఇచ్చిన. నా ముందే రెండుసార్లు సదివి జేబుల వెట్టుకున్నడు. మొకం ఎర్రగైంది, ఏం రాయలే" అన్నాడు. నువ్వు చదివావని తెలుసు. చదివి ఊరుకున్నావని తెలుసు. కోపంతో ఊరుకున్నవాడు సరే అన్నట్టు కాదని కూడా నాకు తెలుసు. అయినా ఆదివారం విప్పించాను. డబ్బాలో ఏముందో చూడాలన్న ఆత్రం అంతగా పట్టుకుంది. సోమవారం నుంచి వ్యాను ఆపలేననే తొందర ఒకటి. నీ కోపాన్ని నాకు అనుకూలంగా 'సరే' కింద జమ చేసుకున్నాను.

వ్యాను తోలుతున్నాను, ఖాళీగా. పదకొండు మందిలో నలుగురు మళ్ళీ వస్తామన్నారు. మిగిలినవాళ్ళు వేరే వ్యాను మాట్లాడుకున్నారు. శ్రుతి తన నాయనమ్మ చెయ్యి పట్టుకుని బడికి నడిచి పోతున్నది. నిన్న వాళ్ళ పక్కనుంచి పోవాల్సి వచ్చింది. వ్యాను చప్పుడు వినగానే ఆ పిల్ల మొహం గోడ వైపు తిప్పుకుంది.

సత్యమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. "మంచిగున్న బండిని ఎందుకు ఇప్పినవమ్మా?" అని. రెండుసార్లూ మధు చెప్పాడని తప్పించుకున్నాను. మధు చెప్పింది నిజమే గానీ, మధు చెప్పాడనే విప్పలేదు కదా. మా మామ దొంగేమో అని విప్పాను. ఆ మాట ఆమె ముందు నోరు దాటి రావడం లేదు. ఒక్కదాన్నే చెప్పలేను. అసలు ఒక్కదాన్నే చెప్తే సగమే చెప్పినట్టు అవుతుంది.

ఆదివారం పొద్దుటి బస్సుకు రా. సత్యమ్మ ఇంటికి పోదాం. నా వంతు నేను చెప్తాను. నీ వంతు నువ్వు కాగితం మీద రాసుకుని రా. ఆమెకు చదువు రాదు. నువ్వు రాసింది నేనే గట్టిగా చదివి వినిపించాలి.

ఏమీ తగ్గించకుండా చదువుతాను మామా. నువ్వు కూడా ఏమీ తగ్గించకుండా రాయి.

స్వరూప